ఆసుపత్రిలో ప్లాస్టిక్ చెత్త తగ్గించడం ఎలా: కేస్ షీట్ నుంచి ఎర్ర సంచి దాకా

కర్నూలు, నంద్యాల, అనంతపురం, కడప వైపు 30 నుంచి 100 మంచాల ఆసుపత్రులు నడిపేవాళ్లు, అక్కడి నర్సింగ్ సూపరింటెండెంట్లు, స్టోర్ ఇన్‌చార్జిలు తరచూ ఒకే మాట అడుగుతున్నారు: "ఎర్ర సంచులు (వాడిన ప్లాస్టిక్ వైద్య సామాను వేసేవి) ఏటికేడు పెరుగుతున్నాయి. ఎక్కడ తగ్గించాలి? తగ్గిస్తే ఇన్ఫెక్షన్లు పెరగవా?"

చెత్త సంచి దగ్గర నిలబడి ప్లాస్టిక్‌ని తగ్గించలేం. వస్తువు అక్కడికి చేరేసరికి కొనడం, విప్పడం, వాడడం అన్నీ అయిపోయి ఉంటాయి. నిజంగా తగ్గేది మూడు చోట్ల. డాక్టరు ఆర్డర్ రాసే కేస్ షీట్‌లో, సరుకు కావాలని రాసే స్టోర్ ఇండెంట్‌లో, ఏ కిట్‌లో ఏమేం ఉండాలో నిర్ణయించే చోట. ఈ మార్గదర్శి ఆ వరసలోనే నడుస్తుంది. చెత్త వేరుచేయడం చివర్లో వస్తుంది.

## 1. ముందు కూర్చోవలసిన మనుషులు, దాటకూడని గీతలు

బయోమెడికల్ వ్యర్థాల నిర్వహణ నియమాలు 2016 ప్రకారం మంచాలున్న ఆసుపత్రుల్లో ఈ పనిని సమీక్షించే కమిటీ ఆరు నెలలకోసారి కూర్చోవాలి. 30 మంచాల లోపు ఆసుపత్రి అయితే బాధ్యత చూసే అర్హత ఉన్న మనిషిని ఒకరిని నియమించాలి. చట్టానికి అది చాలు. పని జరగాలంటే మాత్రం వారానికోసారి అరగంట కూర్చునే చిన్న జట్టు కావాలి.

ఆ జట్టులో వీళ్లుండాలి:

- కేస్ షీట్‌లో ఆర్డర్లు రాసే ఒక డాక్టరు
- నర్సింగ్ సూపరింటెండెంట్, ఆపరేషన్ థియేటర్ (ఓటీ) సిస్టర్
- ఆటోక్లేవ్ (వేడి ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం) చూసే టెక్నీషియన్
- స్టోర్, ఫార్మసీ నుంచి ఒక్కొక్కరు
- వార్డు ఊడ్చి సంచులు కట్టే ఆయమ్మ ఒకరు

ఆఖరి పేరుని చాలామంది వదిలేస్తారు. వదలకండి. ఏ వార్డులో విప్పని ప్యాకెట్లు సంచిలోకి వస్తున్నాయో ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మీటింగ్‌లో ఆమెకి కుర్చీ వేసి, ముందు ఆమెనే మాట్లాడనివ్వండి.

తర్వాత ఈ గీతలు కాగితం మీద రాసి అందరి చేతా సంతకం పెట్టించండి:

- ఒకరికి వాడిన సూది, సిరంజీ, క్యాన్యులా (నరంలో ఉంచే సన్న గొట్టం), ఐవీ సెట్ (సెలైన్ ఎక్కించే ట్యూబు), కాథెటర్ (మూత్రం తీసే గొట్టం లాంటివి) ఇంకొకరికి వాడేది లేదు. కడిగినా, ఆటోక్లేవ్ చేసినా సరే.
- స్టెరైల్‌గా (ఏ క్రిమీ లేకుండా) ఉండాల్సిన చోట రాజీ లేదు.
- వాడిన సెలైన్ బాటిల్ గానీ, ట్యూబు గానీ గుజిరీకి పోకూడదు.
- ఏ మార్పు చేసినా ఇన్ఫెక్షన్ రిజిస్టర్ పక్కన పెట్టుకునే చేయాలి.

ఈ కాగితం లేకుండా మొదలుపెడితే "ప్లాస్టిక్ తగ్గించమన్నారు కదా" అని ఎవరో ఒకరు సిరంజీని రెండోసారి వాడే ప్రమాదం ఉంది. అందుకే మొదటి రోజే ఇది పూర్తి చేయండి.

## 2. సంచి విప్పకుండా లెక్క తీయడం

ఎర్ర సంచి విప్పి అందులో ఏముందో లెక్కపెట్టమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. ఆ పని చేయకండి. రక్తం అంటిన ట్యూబుల్లో ఎక్కడైనా సూది దాక్కుని ఉండొచ్చు.

దానికంటే మంచి దారి ఉంది. ప్రతి సిరంజీకి, సెట్‌కి, సర్జికల్ గ్లౌజుల జతకి ఒక రేపర్ ఉంటుంది. రేపర్ శుభ్రంగా ఉంటుంది, రోగిని తాకదు. కాబట్టి లెక్కపెట్టాల్సింది రేపర్లనే.

1. ఒక్క వార్డు ఎంచుకోండి. ఆడవాళ్ల మెడికల్ వార్డో, ప్రసూతి వార్డో. ఐసీయూతో మొదలుపెట్టకండి.
2. ప్రొసీజర్ ట్రాలీకి ఒక ఖాళీ అట్టపెట్టె కట్టండి. రేపర్లన్నీ అందులోనే వేయమనండి.
3. పెట్టెలోని గ్లౌజులకి విడివిడి రేపర్ ఉండదు. అవి ఎన్ని పెట్టెలు ఖాళీ అయ్యాయో రాసుకోండి.
4. ఏడు రోజులు, మూడు షిఫ్టులూ నడపండి. ఆదివారం వదలొద్దు. రాత్రి డ్యూటీలో వాడకం తీరే వేరుగా ఉంటుంది.
5. ప్రతి ఉదయం రకాలవారీగా లెక్కపెట్టి, ఆ రాత్రి వార్డులో ఎంతమంది రోగులున్నారో పక్కన రాయండి.

వారం చివర మొత్తం వస్తువుల్ని మొత్తం రోగి-రోజులతో భాగించండి. ఉదాహరణకి వారంలో 140 రోగి-రోజులు, 420 సిరంజీలు అయితే ఒక్కో రోగికి రోజుకి 3 సిరంజీలు పడినట్టు. ఇక ముందు మీరు చూడాల్సింది ఈ అంకెనే. ఉత్త కిలోల లెక్క మోసం చేస్తుంది. డెంగీ సీజన్‌లో వార్డు నిండితే కిలోలు పెరుగుతాయి, దానికి సిస్టర్లని తప్పుపట్టి లాభం లేదు.

ఈ రేపర్ల లెక్కని స్టోర్ ఇండెంట్‌తో పోల్చండి. స్టోర్ 500 ఇచ్చి, రేపర్లు 420 వస్తే మిగతా 80 ఎక్కడున్నాయో వెతకాలి. చాలాసార్లు వార్డు అల్మారా వెనక అరలో, గడువు దాటి కనిపిస్తాయి.

## 3. అవసరం లేని సెలైన్‌ని ఆపడం

అన్నిటికంటే ఎక్కువ ప్లాస్టిక్ తగ్గేది ఇక్కడే. అన్నిటికంటే కష్టమైనదీ ఇదే.

ఒక్క బాటిల్ సెలైన్ ఎక్కించడానికి ఏమేం పడతాయో బల్ల మీద పేర్చి చూడండి. సెలైన్ బాటిల్, దాని మీద కవరు, ఐవీ సెట్, క్యాన్యులా, దాని మూత, ఫ్లష్ చేయడానికి సిరంజీ, గ్లౌజులు, ప్లాస్టర్, వీటన్నిటి రేపర్లు. నోటితో తాగగలిగిన మనిషికి అదే నీరు, అదే ఉప్పు ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్‌తో అందుతుంది.

మన దగ్గర ఓపీకి వచ్చే పెద్దాయన కుర్చీలో కూర్చోకముందే "ఒక బాటిలు ఎక్కిచ్చండి సార్, నీర్సంగా ఉండాది" అంటాడు. ఎక్కించకపోతే పక్క ఆసుపత్రికి పోతాడని యాజమాన్యానికి టెన్షన్. అది నిజమైన భయమే, కాదనను. కానీ ఆ బాటిల్‌తో ఆయనకి దక్కేది కొద్దిగా ఉప్పు, కొద్దిగా గ్లూకోజు, దాంతోపాటు క్యాన్యులా పెట్టినచోట వాపొచ్చే అవకాశం.

చేయాల్సిన పనులు వరసగా:

ఆర్డర్‌కి కారణం రాయించండి. కేస్ షీట్‌లో ఐవీ ఫ్లూయిడ్ ఆర్డర్ పక్కన చిన్న గడి పెట్టండి: వాంతులు ఆగడం లేదు, బీపీ పడిపోయింది, ఆపరేషన్ కోసం నోటికి ఏమీ ఇవ్వకూడదు, తీవ్ర డీహైడ్రేషన్, డెంగీలో డాక్టరు లెక్క ప్రకారం. ఏ కారణమూ టిక్ చేయలేకపోతే ఆర్డర్‌ని మళ్లీ ఆలోచించాలి.

పారాసెటమాల్ బాటిళ్లు చూడండి. 100 మిల్లీలీటర్ల పారాసెటమాల్ ఇన్ఫ్యూజన్ మన వార్డుల్లో జ్వరం అనగానే వేలాడుతుంది. మింగగలిగిన రోగికి మాత్రే చాలు. మొదటి నెలలో ఈ ఒక్క వస్తువు మీద పనిచేసినా రేపర్ల పెట్టెలో తేడా కనిపిస్తుంది.

యాంటీబయాటిక్‌ని 100 మిల్లీ బాటిల్‌లో కలిపే అలవాటు. కొన్ని మందుల్ని నెమ్మదిగా సిరంజీతోనే ఇవ్వొచ్చు. కొన్నిటిని బాటిల్‌లో కలిపి ఎక్కువసేపు ఎక్కించి తీరాలి. వాంకోమైసిన్ అలాంటిది, తొందరపడి ఇస్తే ప్రమాదం. ఏది ఏ రకమో ఫార్మసిస్టు, డాక్టరు కలిసి జాబితా రాసి ట్రాలీకి అతికించాలి. సిస్టర్లు సొంతంగా నిర్ణయించకూడదు.

ఐవీ నుంచి నోటిమందుకి మార్పు. 48 గంటలు దాటిన ప్రతి ఐవీ మందు దగ్గర ఉదయం రౌండ్‌లో ఒక ప్రశ్న: "ఈయన అన్నం తింటున్నాడా? జ్వరం తగ్గిందా?" రెండిటికీ అవుననే జవాబు వస్తే మాత్రకి మార్చడం గురించి డాక్టరు ఆలోచించాలి. మెదడువాపు, గుండె కవాటాల ఇన్ఫెక్షన్ లాంటి వాటికి ఈ తూకం వర్తించదు.

రోగితో మాట్లాడే మాటలు ముందే సిద్ధం చేసుకోండి. "సెలైన్ అవసరం లేదు" అని వదిలేస్తే ఆ పెద్దాయన తనని పట్టించుకోలేదనుకుంటాడు. బీపీ చూసి, నాలుక చూసి, "పెద్దాయనా, ఒంట్లో నీళ్లు బాగానే ఉన్నాయి. ఈ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి సాయంత్రం దాకా కొంచెం కొంచెంగా తాగండి, రేపొచ్చి కనపడండి" అని గ్లాసులో కలిపి చేతికిస్తే చాలావరకు ఒప్పుకుంటారు. అక్కడే, మన ముందే మొదటి గ్లాసు తాగించడం ముఖ్యం. ప్యాకెట్ మీద రాసిన నీళ్ల కొలత తప్పకూడదని కూడా చెప్పండి.

## 4. పెట్టిన సెట్‌ని తొందరపడి మార్చకపోవడం

రోజూ పొద్దున ఆరింటికి సెట్లన్నీ మార్చే ఆనవాయితీ చాలా వార్డుల్లో ఉంది. అమెరికాలోని వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2011లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆగకుండా నడిచే మామూలు ఇన్ఫ్యూజన్ సెట్‌ని 96 గంటలకంటే ముందు మార్చాల్సిన పని లేదు, ఏడు రోజులు దాటనివ్వకూడదు. రక్తం, కొవ్వు ద్రావణాలు ఎక్కించిన సెట్లని 24 గంటల్లోపు మార్చాలి. ప్రొపోఫాల్ అనే మత్తుమందు సెట్లకి ఇంకా తక్కువ సమయం. పెద్దవాళ్ల చేతికి పెట్టిన క్యాన్యులాని కూడా 72–96 గంటలకంటే ముందు ఊరికే మార్చనక్కర్లేదు. నొప్పి, ఎరుపు, వాపు కనిపిస్తే మాత్రం గంట కూడా ఉంచకూడదు.

అమలు ఇలా:

- సెట్ మీద ప్లాస్టర్ ముక్క అంటించి తేదీ, సమయం రాయాలి. రాయని సెట్‌ని తీసేయాల్సిందే.
- సెట్‌ని మాటిమాటికీ విప్పి, చివర గాలికి వేలాడదీస్తే ఈ 96 గంటల లెక్క పనికిరాదు. రోజుకి రెండుసార్లు మందు ఎక్కించి తీసే సెట్లకి మీ ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీ వేరే గడువు రాసుకోవాలి.
- షిఫ్టు మారేటప్పుడు క్యాన్యులా ఉన్నచోటు చూసి రిజిస్టర్‌లో ఎక్కించాలి.
- రేపు ఇంటికి పోయే రోగికి, మందులన్నీ నోటికి మారిన రోగికి "ఎందుకైనా మంచిది" అని క్యాన్యులా ఉంచొద్దు.

## 5. గ్లౌజులు

బీపీ చూడడానికి, జ్వరం చూడడానికి, మాత్రలివ్వడానికి, కండకి ఇంజెక్షన్ చేయడానికి, కేస్ షీట్ రాయడానికి, భోజనం పంచడానికి గ్లౌజులు అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రక్తం, శరీర ద్రవాలు తగిలే చోట, పుండు ఉన్నచోట, ఐసోలేషన్ రోగి దగ్గర తప్పనిసరి. గ్లౌజులు వేసుకున్నామన్న ధీమాతో చేతులు కడగకపోవడం అసలు ప్రమాదం. ఒకే జతతో మూడు మంచాలు తిరిగేవాళ్లని ఏ వార్డులోనైనా చూస్తాం.

ఇక్కడ మన ప్రాంతానికే చెందిన సమస్య ఒకటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల కప్పు కింద ఉన్న స్టోర్‌లో లాటెక్స్ గ్లౌజులు పెడితే రబ్బరు పెళుసెక్కి, వేసుకుంటుండగానే చిరుగుతాయి. ఒక్క జత పని రెండు జతలతో అవుతుంది. పెట్టెల్ని కిటికీకి, జనరేటర్ గదికి దూరంగా, చల్లని గదిలో కింది అరల్లో పెట్టండి. మూడు నెలల సరుకు ఒకేసారి వేసవి ముందు దింపుకోకండి.

ఇంకో రెండు చిన్న పనులు. సర్జికల్ గ్లౌజుల్లో 6.5, 7, 7.5 సైజులు విడివిడిగా ఇండెంట్ పెట్టండి. ఒకే సైజు తెప్పిస్తే సగం మందికి చిరుగుతాయి. పెట్టెని గోడకి స్టాండులో బిగించండి. బల్ల మీద దొర్లే పెట్టెలోంచి ఒకటి లాగితే నాలుగు వచ్చి కిందపడతాయి.

## 6. కిట్లని మళ్లీ డిజైన్ చేయడం

రెడీమేడ్ కిట్ సౌకర్యమే. ఆలోచించే పని లేకుండా ఒకటి చింపితే అన్నీ ఉంటాయి. చిక్కంతా ఆ 'అన్నీ' దగ్గరే ఉంది.

ఒక డెలివరీ కిట్ తీసుకుని శుభ్రమైన బల్ల మీద విప్పండి. గౌను, డ్రేపులు (రోగి మీద కప్పే స్టెరైల్ షీట్లు), ప్లాస్టిక్ షీటు, ఏప్రాన్, టోపీలు, షూ కవర్లు, గ్లౌజులు రెండు మూడు జతలు, బొడ్డు క్లిప్పు, మ్యూకస్ సక్కర్ (బిడ్డ నోట్లో, ముక్కులో ద్రవం లాగేది), బ్లేడు, ప్లాస్టిక్ ట్రే, ప్యాడ్లు, బిడ్డ చేతికి కట్టే ట్యాగు. కంపెనీని బట్టి ఇంకొన్ని. మామూలు కాన్పు అయ్యాక చూస్తే టోపీ వాడలేదు, ఎందుకంటే సిస్టర్ గుడ్డ టోపీతోనే వచ్చింది. షూ కవర్లు వాడలేదు, లేబర్ రూమ్ చెప్పులు వేరే ఉన్నాయి. ట్రే వాడలేదు, స్టీలు ట్రే అక్కడే ఉంది. బిడ్డ పుట్టగానే ఏడిస్తే సక్కర్ అవసరం కూడా లేదు. ప్యాకెట్ విప్పాక ఇవేవీ స్టెరైల్ కావు కాబట్టి అన్నీ సంచిలోకే పోతాయి.

కిట్‌ని ఇలా సరిచేయండి:

1. లేబర్ రూమ్‌లో ఒక మూల మూతున్న డబ్బా పెట్టండి. మీద "వాడనివి" అని రాయండి.
2. తర్వాతి 20 కాన్పుల్లో, రక్తం తగలకుండా మిగిలిన వస్తువుల్ని అందులో వేయమనండి. తడిసినవి ఎప్పటిలాగే సంచిలోకి.
3. ఏ వస్తువు ఎన్నిసార్లు మిగిలిందో రాయండి.
4. 20లో 15 సార్లకు పైగా మిగిలినది కిట్‌లోంచి తీసేయండి. కొన్నిసార్లే మిగిలేదాన్ని విడి స్టెరైల్ ప్యాకెట్‌గా చేతికందే అరలో పెట్టండి. సక్కర్, బిడ్డకి ఊపిరి అందించే బ్యాగు, మాస్కు లాంటి అత్యవసర సామాను ఎన్నిసార్లు మిగిలినా కాన్పు బల్ల పక్కనే సిద్ధంగా ఉండాలి, దూరంగా పోకూడదు.
5. కొత్త కిట్ జాబితా మీద డాక్టరు, లేబర్ రూమ్ సిస్టర్ సంతకం చేయించి సరఫరాదారుకి పంపండి. తగినంత ఆర్డర్ ఉంటే చాలామంది ఆ ప్రకారమే ప్యాక్ చేసి ఇస్తారు.
6. ఒప్పుకోకపోతే కిట్ మానేసి మీ ఆటోక్లేవ్ గదిలోనే ప్యాక్ కట్టుకోండి. స్టీలు పరికరాలు, గాజ్, గుడ్డ డ్రేపులు లోపల పెట్టి, బొడ్డు క్లిప్పు, బ్లేడు, గ్లౌజులు విడిగా కొనండి.

ఇదే పద్ధతి డ్రెస్సింగ్ కిట్‌కి, యూరిన్ కాథెటర్ కిట్‌కి, సిజేరియన్ కిట్‌కి వర్తిస్తుంది. డ్రెస్సింగ్‌ని పెద్దది, చిన్నది అని రెండుగా విడగొట్టండి. కుట్లు ఎండిన పుండుకి ఐదు గాజ్ ముక్కలు, రెండు ఫోర్సెప్సులు ఉన్న పెద్ద ప్యాక్ విప్పడం మామూలుగా జరిగే దుబారా.

చీటీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చాలా ప్రైవేటు ఆసుపత్రుల్లో రోగి బంధువు చేతికి చీటీ రాసిస్తే అతను కింద ఫార్మసీ నుంచి తెస్తాడు. "గ్లౌజులు 10, సిరంజీలు 10, సెట్ 2" అని లెక్క లేకుండా రాస్తారు. మిగిలినవి డిశ్చార్జి రోజు బీరువా మీదో, చెత్తలోనో ఉంటాయి. పాపం, డబ్బు మాత్రం వాళ్లదే. వార్డులో స్టాకు ఉంచి వాడినదానికే బిల్లు వేసే పద్ధతికి మారండి. అది కుదరకపోతే సీలు తీయని వస్తువుల్ని డిశ్చార్జికి ముందు ఫార్మసీ వాపసు తీసుకోవాలని రాతపూర్వకంగా పెట్టండి. ఎన్టీఆర్ వైద్యసేవ కేసుల్లో ప్యాకేజీ ధర ముందే నిర్ణయమై ఉంటుంది, కాబట్టి అక్కడ ఆదా అయిన ప్రతి రూపాయీ ఆసుపత్రికే. యజమాని ఒప్పుకోవడానికి ఈ ఒక్క వాదన చాలు.

## 7. గుడ్డకి, స్టీలుకి మారేటప్పుడు

ఏది మార్చొచ్చు, ఏది మార్చకూడదు అన్నది వస్తువు ఎక్కడ తగులుతుందో చూసి తేల్చాలి.

వెంటనే మార్చదగినవి: కిడ్నీ ట్రేలు, బెడ్‌ప్యాన్లు, మందు కప్పులు, సిబ్బంది టోపీలు, రోగి గౌన్లు, ట్రాలీ కవర్లు, మంచం మీద అడ్డంగా వేసే షీట్లు, ఆటోక్లేవ్ ప్యాక్ చుట్టే గుడ్డ. ఓటీలో షూ కవర్ల బదులు కడిగే చెప్పులు.

ఆలోచించి మార్చాల్సినవి ఓటీ గౌన్లు, డ్రేపులు. మామూలు నూలు గుడ్డ తడిస్తే క్రిములు అటునుంచి ఇటు వస్తాయి. రక్తం, నీళ్లు ఎక్కువ పారే సిజేరియన్, ప్రోస్టేట్, కీళ్ల ఆపరేషన్లకి నీరు దూరని రీయూజబుల్ పాలియెస్టర్ బట్ట గానీ, డిస్పోజబుల్ గానీ వాడాలి. దాన్ని తెప్పించుకునే దాకా అక్కడ డిస్పోజబుల్‌నే ఉంచండి. ప్లాస్టిక్ తగ్గిందని సంతోషించి పుండులో చీము తెచ్చుకుంటే, ఆ చీముకి పట్టే డ్రెస్సింగులు, సెలైన్లు ఇంకెంత ప్లాస్టిక్!

గుడ్డ కొనే దారి మనకి దగ్గరే. దుప్పట్లు, తువ్వాళ్లకి ఎమ్మిగనూరు నేతగాళ్లని అడగొచ్చు. ప్యాక్ చుట్టే గుడ్డకి మాత్రం ఒక కొలత ఉంది: చదరపు అంగుళానికి 140 పోగుల మస్లిన్, రెండు పొరల గుడ్డని రెండు చుట్లుగా. అంతకంటే పలుచనిది వద్దు. కొత్త గుడ్డని గంజి పోయేదాకా ఉతికాకే ఆటోక్లేవ్‌లో పెట్టాలి. ఒకసారి స్టెరైల్ చేసిన గుడ్డని వాడకపోయినా, ఉతక్కుండా మళ్లీ పెట్టకూడదు. ఎండిపోయిన పోగులు అతిగా వేడెక్కి ఆవిరి సరిగా పనిచేయదు.

ఉతుకు, ఆటోక్లేవ్ చెక్‌లిస్టు:

- 71 డిగ్రీల వేడి నీళ్లలో 25 నిమిషాలు, లేదా అంతకి సరితూగే రసాయన పద్ధతి
- ఉతికిన డ్రేపుని లైటుకి అడ్డంగా పట్టి చిల్లులు చూడడం. చిల్లున్నది ఓటీకి పనికిరాదు
- చుట్టిన ప్యాకెట్లకి గ్రావిటీ ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు, వాక్యూమ్ రకంలో 132–134 డిగ్రీల దగ్గర 4 నిమిషాలు, ఆపైన ఆరే సమయం. మీ యంత్రం మాన్యువల్ ఏం చెబితే అది
- ప్రతి ప్యాక్‌లో ఆవిరి లోపలికి చేరిందని రంగు మారి చూపే ఇండికేటర్, వారానికోసారి స్పోర్ పరీక్ష (మొండి క్రిములు చచ్చాయో లేదో చూసేది)
- తడిగా బయటికి వచ్చిన ప్యాక్ స్టెరైల్ కానట్టే, మళ్లీ మొదటి నుంచి

అనంతపురం వైపు వాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో రోజూ బట్టలుతకడానికి నీళ్లెక్కడివి? ఆ ప్రశ్న న్యాయమైనది. యంత్రం పూర్తిగా నిండాకే నడపండి. ఆఖరి జాలింపు నీళ్లని తర్వాతి విడత మొదటి ఉతుకుకి వాడండి. ఎండాకాలం బోరు తగ్గే నెలల్లో రోగి గౌన్లు, టోపీలతో సరిపెట్టి, ఓటీ గుడ్డని తర్వాత మొదలుపెట్టినా తప్పులేదు. బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ కాబట్టి ఆటోక్లేవ్‌లో నేరుగా పోయకండి. హీటర్ మీద తెల్లగా పొలుసు కట్టి ఆవిరి దెబ్బతింటుంది. ఆర్వో నీళ్లో, డిస్టిల్డ్ నీళ్లో పోయాలి.

ప్రతి మంచానికి కనీసం మూడు సెట్ల గుడ్డ ఉండాలి: ఒకటి వాడకంలో, ఒకటి ఉతుకులో, ఒకటి అల్మారాలో. రెండే ఉంటే వానాకాలంలో బట్టలు ఆరక, వారంలోనే మళ్లీ డిస్పోజబుల్‌కి పోతారు.

## 8. కొనేటప్పుడు అడగాల్సినవి

సరఫరాదారుని ధర ఒక్కటే అడిగే అలవాటు మానాలి. ఈ ప్రశ్నలు కొటేషన్ ఫారంలోనే అచ్చు వేయించండి:

- ఇది పీవీసీతో చేసిందా? పాలీప్రొపిలీన్, పాలిథిన్, సిలికోన్‌తో చేసిన రకం ఉందా?
- పీవీసీ అయితే డీఈహెచ్‌పీ లేని రకమా? ఇది మెత్తదనానికి కలిపే రసాయనం, మెల్లగా ద్రవంలోకి దిగుతుంది. పుట్టిన బిడ్డల వార్డుకి ఈ ప్రశ్న తప్పనిసరి.
- ఎన్ని పొరల ప్యాకింగ్? ఒక్కో పొర దేనికి?
- కాగితం, ప్లాస్టిక్ సులువుగా విడిపోతాయా?
- గడువు ఇంకా ఎన్నాళ్లుంది? ఏడాదిలోపు గడువున్న సరుకు ఎక్కువ మొత్తంలో దించుకోవద్దు.
- ఖాళీ అట్టపెట్టెలు, క్యాన్లు వెనక్కి తీసుకెళ్తారా? డయాలిసిస్ యూనిట్ ఉన్నచోట ద్రావణాల క్యాన్లు రోజూ పోగవుతాయి, వాటికి ఈ షరతు బాగా పనిచేస్తుంది.

పీవీసీ గురించి పట్టుబట్టడానికి కారణం ఉంది. అందులో క్లోరిన్ ఉంటుంది. పొరపాటున, కాల్చడానికి పంపే పసుపు సంచిలో పడి కాలితే డయాక్సిన్లు, ఫ్యూరాన్లు అనే విషాలు పుడతాయి. క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ సంచుల్ని, గ్లౌజుల్ని మానేయాలని 2016 నియమాలే చెప్పాయి, 2018 సవరణ ఆ గడువుని 2019 మార్చి 27గా పెట్టింది. మీ ఎర్ర, పసుపు సంచుల మీద "నాన్-క్లోరినేటెడ్" అని ఉందో లేదో ఈరోజే చూడండి.

"బయోడిగ్రేడబుల్" అని అమ్మేవాటితో జాగ్రత్త. కంపోస్ట్ అయ్యే ప్లాస్టిక్‌కి మన దేశంలో ఐఎస్ 17088 ప్రమాణం, కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. అవి ఉన్నా కూడా, అలాంటి వస్తువు ఎర్ర సంచిలో పడితే రీసైక్లింగ్‌ని పాడుచేస్తుంది, పసుపులో పడితే కాలిపోతుంది. కంపోస్ట్ కుప్పకి అది చేరే దారే లేదు. ఆసుపత్రి వస్తువుల్లో దానికి ఎక్కువ డబ్బు పెట్టడం దండగ అని నా అభిప్రాయం.

ప్రభుత్వ ఆసుపత్రులకి సరుకు రాష్ట్ర ప్రభుత్వ కొనుగోలు సంస్థ ఏపీఎంఎస్ఐడీసీ నుంచి వస్తుంది, డిజైన్ ఎంచుకునే వీలు తక్కువ. అక్కడ చేతిలో ఉన్నది ఇండెంట్ పరిమాణం, ముందు గడువు తీరేది ముందు వాడడం. ఆ రెండూ గట్టిగా పట్టుకోవాలి.

## 9. వేరుచేయడం

ఆసుపత్రి చెత్తలో దాదాపు 85 శాతం మామూలు చెత్తేనని, 15 శాతమే ప్రమాదకరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. శుభ్రమైన రేపర్, అట్ట, కవరు ఎర్ర సంచిలో పడితే ఆ 15 పెరుగుతూ పోతుంది.

- ఎర్ర సంచి: సూది తీసిన సిరంజీలు, ఐవీ సెట్లు, సెలైన్ బాటిళ్లు, కాథెటర్లు, యూరిన్ బ్యాగులు, గ్లౌజులు
- పసుపు సంచి: శరీర భాగాలు, రక్తం అంటిన గాజ్, కాటన్, గడువు తీరిన మందులు విడిగా
- తెల్ల డబ్బా: సూదులు, బ్లేడ్లు, ముప్పాతిక నిండగానే మూత
- నీలం డబ్బా: గాజు, లోహపు ఇంప్లాంట్లు
- మామూలు చెత్త: రోగిని తాకని రేపర్లు, అట్టపెట్టెలు, వీటిని పొడిగా ఉంచి రీసైక్లింగ్‌కి

ట్రాలీకి రేపర్ల డబ్బాని కుడిచేతి వైపు, ఎర్ర డబ్బాని కింద పెట్టండి. చేతికి దగ్గరగా ఏది ఉంటే చెత్త అందులోనే పడుతుంది. బయటి అట్టపెట్టెల్ని స్టోర్‌లోనే విప్పి, లోపలి ప్యాకెట్లు మాత్రమే వార్డుకి పంపండి. సంచులు బార్‌కోడ్‌తో, 48 గంటల్లోపు కామన్ ట్రీట్‌మెంట్ ప్లాంట్ బండికి అప్పగించాలి.

## 10. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

ఒకేసారి అన్నీ మార్చడం. సిబ్బంది వారంలో అలసిపోతారు. మొదటి నెల ఒక వార్డు, రెండు వస్తువులు. పారాసెటమాల్ బాటిల్, గ్లౌజులతో మొదలుపెట్టడం మేలు.

సిస్టర్లని లెక్కలడిగి భయపెట్టడం. అప్పుడు రేపర్లు జేబుల్లోకి పోతాయి, అంకెలు అబద్ధమవుతాయి. అవసరమైన చోట గ్లౌజు వేసుకోకుండా ఉండే ప్రమాదం కూడా ఉంది. వార్డు అంకెని గోడ మీద పెట్టండి, మనిషి పేరు పెట్టకండి.

రాత్రి షిఫ్టుకి చెప్పకపోవడం. శిక్షణ మధ్యాహ్నం పెట్టి అందరికీ చెప్పామనుకుంటారు. రాత్రి డ్యూటీ మొదలయ్యే వేళ పది నిమిషాలు వార్డులోనే చెప్పండి.

కొత్త డాక్టరు రాగానే పాత ఆర్డర్లు తిరిగి రావడం. చేరిన రోజే కేస్ షీట్ గడులు, మందుల జాబితా చేతికివ్వాలి.

ఇన్ఫెక్షన్ రిజిస్టర్ చూడకపోవడం. కుట్ల దగ్గర చీము, క్యాన్యులా వాపు, కాథెటర్ ఇన్ఫెక్షన్ ఈ మూడింటినీ మార్పుకి ముందు నెల, తర్వాతి నెల పక్కపక్కన పెట్టండి. చిన్న ఆసుపత్రిలో ఒకటి రెండు కేసుల తేడాతో ఏమీ తేల్చలేం, కాబట్టి మూడు నెలలు వరసగా చూడండి. పెరుగుతున్నట్టు కనిపిస్తే ఆ ఒక్క మార్పుని ఆపి కారణం వెతకండి, మిగతావి నడవనివ్వండి.

సంచి నిండకుండా రోజూ కట్టేయడం. పెద్ద సంచిలో పావు వంతు చెత్త వేసి కడితే సంచే ఎక్కువ ప్లాస్టిక్. వార్డుకి తగ్గ చిన్న సైజు కొనండి. మంచాల మధ్య ప్రతిచోటా డబ్బా పెట్టకుండా ప్రొసీజర్ జరిగేచోట మాత్రమే పెట్టండి.

మూడు నెలల తర్వాత అదే వార్డులో మళ్లీ ఏడు రోజుల రేపర్ల లెక్క తీయండి. ఒక్కో రోగి-రోజుకి పడిన సిరంజీలు, సెట్లు, గ్లౌజుల అంకెల్ని మొదటి వారంతో పోల్చి, ఆ కాగితాన్ని రెండో వార్డు సిస్టర్ చేతికివ్వండి. అక్కడి పని మొదటి వార్డు సిస్టరూ, ఆయమ్మా కలిసి నేర్పిస్తే తొందరగా కుదురుతుంది.